వాయిదా తప్పిన సభ్యురాలిని ఎక్కడ అడగాలి: ఇంటి దగ్గరా, సమావేశంలోనా?

పొదుపు సంఘంలో తగువు చాలాసార్లు వాయిదా దగ్గరే మొదలవుతుంది. పది పదిహేను మంది కలిసి బ్యాంకు అప్పు తీసుకుంటారు. ఒక్కరు కట్టకపోయినా బకాయి సంఘం ఖాతా మీదే పడుతుంది, తర్వాతి అప్పుకు అందరికీ చిక్కే. కోపం రావడంలో తప్పేమీ లేదు.

నేను లెక్కలు రాసిన సంఘంలో ఒకామె వరుసగా రెండు వాయిదాలు తప్పింది. సమావేశంలో అందరి ముందూ అడిగాం. ఆమె మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది, మరుసటి నెల రానేలేదు. అప్పుడు ఇద్దరం ఇంటికి వెళ్ళాం. అప్పుతో కొన్న గేదె వట్టిపోయింది. మళ్ళీ ఈనేదాకా పాల డబ్బు లేదు. ఈ మాట పది మందిలో చెప్పుకోలేకపోయింది. కారణం తెలియాలంటే ఇంటి అరుగే మేలని నాకు ఆరోజు గట్టిగా అనిపించింది. మొదటి వాయిదా తప్పినప్పుడే వెళ్ళి ఉండాల్సింది.

అయితే గడువు ఇచ్చే మాట మాత్రం ఇంటి దగ్గర అనకూడదు. అలా అంటే మిగతావాళ్ళకు అది లోపాయికారీ ఒప్పందంలా కనిపిస్తుంది. "లీడరుకు కావలసిన మనిషి కాబట్టి వదిలేశారు" అన్న మాట పుడితే, ఇంకో ఇద్దరు వాయిదా ఆపుతారు. సంఘాలు పాటించే పంచసూత్రాల్లో సమావేశం, పుస్తకాల నిర్వహణ రెండూ ఉన్నాయి. అవి ఇలాంటప్పుడే అక్కరకు వస్తాయి.

ఊళ్ళోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం దాకా వెళ్ళడం మూడో దారి. లీడరే డబ్బు వాడుకున్నప్పుడు, పుస్తకాలు చూపించనప్పుడు అక్కడికే వెళ్ళాలి, ఆలస్యం చేయకూడదు. గేదె వట్టిపోయిన మనిషిని అక్కడ నిలబెట్టడం మాత్రం అన్యాయం. ఊరంతా తెలిస్తే ఆమె మళ్ళీ మన మధ్య కూర్చోగలదా?

తర్వాతి సమావేశానికి ఆమెను వెంటబెట్టుకుని వచ్చాం. విషయం ఆమే చెప్పింది. గేదె ఈనేదాకా బ్యాంకుకు ఆమె వాటాను పొదుపు నిధి నుంచి కట్టాలని, దాన్ని ఆమె పేరున అంతర్గత అప్పుగా రాయాలని, ఈలోగా ఆమె దాని మీద వడ్డీ కట్టాలని నిర్ణయించాం. మొదటి రోజు అందరికంటే గట్టిగా అరిచినామె తీర్మానం చదివించుకుని, ఒక ప్రశ్న అడిగి, సంతకం పెట్టింది.