వండూర్ నుంచి జాలీ బాయ్ దీవికి ఒక్కరోజు యాత్ర: ఒక సమీక్ష

అండమాన్ వెళ్లే తెలుగువారిలో చాలామంది హేవ్‌లాక్, నీల్ దీవులు చూసుకున్న తరువాత, చేతిలో మిగిలిన ఒక్క రోజును పోర్ట్ బ్లెయిర్ రేవుకు ఎదురుగా ఉండే నార్త్ బేకు కేటాయిస్తుంటారు. పాత ఇరవై రూపాయల నోటు వెనుక ముద్రించిన దీపస్తంభం, కొబ్బరిచెట్లు అక్కడివే కనుక ఆ పేరుకు ఆకర్షణ ఉండడం సహజమే. కానీ సముద్రం అడుగున పెరిగే సజీవ పగడాలు చూడడమే ప్రధాన ఉద్దేశమైతే, ఆ రోజును వండూర్ జెట్టీ నుంచి జాలీ బాయ్ దీవికి వెళ్లే పడవకు ఇవ్వడమే మేలు. అక్కడ అమలయ్యే కట్టుబాట్లు మొదట్లో విసుగు పుట్టించినా, మనం చెల్లించే డబ్బుకు తగిన ఫలితం దక్కేది వాటివల్లనే. పడవవారి సేవ మాత్రం ఆ దీవి స్థాయికి తగినట్లు లేదు.

పోర్ట్ బ్లెయిర్‌ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. ఆ పట్టణం నుంచి రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు వెళితే వండూర్ వస్తుంది. 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనానికి ప్రవేశద్వారం ఇదే. 281 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఆ ఉద్యానవనంలో 15 దీవులు ఉన్నప్పటికీ, సందర్శకులకు అనుమతి ఉన్నవి జాలీ బాయ్, రెడ్ స్కిన్ అనే రెండు దీవులు మాత్రమే. ఆ రెండింటినీ కూడా ఒకేసారి తెరిచి ఉంచరు. స్థూలంగా చెప్పాలంటే నవంబరు నుంచి మే నెల సగం వరకు జాలీ బాయ్, మిగిలిన కాలంలో రెడ్ స్కిన్ తెరిచి ఉంటాయి. సోమవారం సెలవు. పడవ టికెట్‌తో పాటు అటవీ శాఖ ప్రవేశ అనుమతి కూడా ఉండాలి కాబట్టి, గుర్తింపు కార్డు చూపి ఆ రెండింటినీ ముందు రోజే తీసుకోవడం మంచిది. పడవలు ఉదయం పూటే బయలుదేరతాయి. ఆలస్యంగా లేచి, తీరిగ్గా ఫలహారం ముగించుకుని వెళదామనుకునేవారికి ఈ యాత్ర కుదరదు.

జెట్టీ దగ్గర సామాను తనిఖీ జరుగుతుంది. దీవిలోకి ప్లాస్టిక్ తీసుకువెళ్లకూడదన్న నిబంధన బోర్డు మీది రాతగా మిగిలిపోకుండా నిజంగానే అమలవుతుంది. నీళ్ల సీసాలు, బిస్కెట్ ప్యాకెట్లు, చిప్స్ సంచులు, చివరికి టిఫిన్ చుట్టుకొచ్చిన కవర్లు కూడా అక్కడే వదలవలసి వస్తుంది; తాగునీటికి డిపాజిట్ కట్టించుకుని వేరే సీసా ఇస్తారు, తిరిగి అప్పగిస్తే డిపాజిట్ వాపసు చేస్తారు. నా ముందు వరుసలో ఉన్న ఒక పెద్దావిడ సంచిలోంచి మందుల కవరు బయటపడితే, మాత్రలు మాత్రం చిన్న గుడ్డమూటలోకి మార్పించి కవరు పక్కన పెట్టించారు. సిబ్బంది గొంతు పెంచలేదు, నిబంధన సడలించనూ లేదు. మన దేశంలో ఇంత పట్టుదలగా అమలయ్యే నియమం చూడడం అరుదు కనుక దీనికి పూర్తి మార్కులు వేస్తున్నాను. ఇంటి నుంచే స్టీలు డబ్బా, స్టీలు సీసా తెచ్చుకున్నవారికి ఇక్కడ పెద్దగా ఆలస్యం జరగదు.

పడవ ప్రయాణం దాదాపు గంటసేపు సాగుతుంది. దీవుల మధ్య ఇరుకు పాయల గుండా వెళ్లడం వల్ల కెరటాల పోటు అంతగా తెలియదు. బయటి సముద్రంలో కడుపులో తిప్పేవారు కూడా ఇక్కడ కుదురుగానే కూర్చోగలుగుతారు. రెండు వైపులా మడ అడవులు నీటి అంచు దాకా దిగి ఉంటాయి. ఈ పాయలు ఉప్పునీటి మొసళ్లు తిరిగే చోట్లు కూడా, అందుకే అనుమతించిన హద్దులు దాటి ఈదకూడదన్న హెచ్చరికను తేలికగా తీసుకోకూడదు. వండూర్ తీరంలో మోడువారిన పెద్ద చెట్లు కొన్ని కనిపిస్తాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో అండమాన్ ఉత్తర భాగం పైకి లేచి దక్షిణ భాగం కుంగింది. ఉత్తరాన పగడాలు నీటి నుంచి బయటపడి ఎండిపోతే, దక్షిణాన నేల సముద్రం పాలై ఇలాంటి చెట్లు మోడువారాయి. మేమెక్కిన పడవలో ఈ సంగతి ఒక్క ముక్క కూడా చెప్పేవారు లేకపోయారు. గంటసేపు స్పీకర్‌లో సినిమా పాటలు వినిపించే బదులు ఆ చుట్టుపక్కల గురించి పది నిమిషాలు మాట్లాడినా యాత్ర విలువ ఎంతో పెరిగేది.

జాలీ బాయ్‌లో పెద్ద పడవ ఆగేందుకు జెట్టీ లేదు. కొంత దూరంలోనే లంగరు వేసి, గాజు అడుగున్న చిన్న పడవల్లోకి మనల్ని దించుతారు. ఈ పడవలోంచి ఆ పడవలోకి కాలు మార్చే క్షణం మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టమైనదే. పట్టుకోవడానికి సిబ్బంది చెయ్యి తప్ప వేరే ఆధారం లేదు. తీరానికి చేర్చే ఆ దారిలోనే పగడాలను చూపిస్తామంటారు గానీ, చూపించేది కొద్ది నిమిషాలే. మరికొంతసేపు తిప్పాలంటే అక్కడికక్కడ అదనంగా చెల్లించమంటారు. టికెట్ కొనేటప్పుడు ఈ విషయం చెప్పి ఉంటే అభ్యంతరం ఉండేది కాదు. గాజు పలక గీతలు పడి మసకబారి ఉంది, పైగా చుట్టూ కూర్చున్నవారి తలలన్నీ ఒకేసారి ముందుకు వంగితే వెనుకవారికి నీడ తప్ప ఏమీ కనిపించదు. మొత్తం సేవలో బలహీనమైన భాగం ఇదే.

అందుచేత నా సలహా ఒక్కటే: ఒంట్లో ఓపిక ఉన్నవారు గాజు పడవకు అదనంగా చెల్లించే బదులు, అనుమతి ఉన్న పరిధిలో మాస్క్, స్నార్కెల్ (ముఖం నీటిలో ఉండగానే ఊపిరి పీల్చుకునే గొట్టం) పెట్టుకుని నీళ్లలోకి దిగాలి. ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకుని, గైడ్ పట్టుకునే ట్యూబు ఆధారంగా తేలవచ్చు. ముఖం నీటిలో ముంచిన మరుక్షణం పైనున్న సందడి అంతా ఆగిపోయి, చిటపటలాడే చిన్న చప్పుడు ఒకటి వినిపిస్తుంది. అది పగడాల మధ్య ఉండే రొయ్యలు గోళ్లు కొట్టే చప్పుడు. గుండ్రని బండలాంటి ఒక పగడం మీద రంగురంగుల చిన్న కుంచెలు గుచ్చినట్లు కనిపిస్తే దగ్గరికి వెళ్లాను. నా చేతి నీడ పడగానే అవన్నీ ఒక్కసారిగా లోపలికి ముడుచుకున్నాయి. అవి క్రిస్మస్ ట్రీ వార్మ్ అనే పురుగులు. ఆ పగడంలోనే గొట్టం కట్టుకుని ఉంటాయి. మనకు కనిపించే కుంచె వాటి మొప్ప, అదే నీటిలో కొట్టుకొచ్చే ఆహారాన్ని పట్టే వల కూడా. కాసేపు కదలకుండా తేలుతూ ఉంటే ఒకటొకటిగా మళ్లీ విచ్చుకున్నాయి. గాజు పలక వెనుక కూర్చున్నవారికి ఇది దక్కే అవకాశం లేదు.

పగడాలు ఫొటోల్లో ఉన్నంత రంగుల్లో లేవని తిరుగు ప్రయాణంలో చాలామంది నిరాశ వ్యక్తం చేశారు. ఆ నిరాశకు కారణం సగం నీరే. సూర్యకాంతిలోని ఎరుపును నీరు పై కొద్ది మీటర్లలోనే పీల్చేస్తుంది కాబట్టి లోతు పెరిగే కొద్దీ అంతా నీలం, ఆకుపచ్చల్లోకి దిగిపోతుంది. పత్రికల్లో కనిపించే చిత్రాలు చాలావరకు ఫ్లాష్ వెలుగులో తీసినవి. మిగతా సగం కారణం మన అవగాహన. ఆరోగ్యంగా ఉన్న పగడాల్లో ఎక్కువ భాగం గోధుమ, ఆలివ్ రంగుల్లోనే ఉంటాయి, ఎందుకంటే వాటి కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాల (కంటికి కనిపించనంత చిన్న నాచు) రంగు అది. పగడానికి కావలసిన ఆహారంలో సింహభాగాన్ని కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసి పెట్టేవి ఆ శైవలాలే. అక్కడి వేసవి గరిష్ఠం కంటే సముద్రపు వేడి ఒక్క డిగ్రీ అధికమై కొన్ని వారాలు నిలిచినా పగడం వాటిని వెళ్లగొట్టి తెల్లబోతుంది. చూడముచ్చటగా మెరిసే ఆ తెలుపు నిజానికి ఆకలి రంగు. 2010 వేసవిలో అండమాన్ పగడాలు విస్తారంగా ఇలాగే తెల్లబోయాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగో విడత తెల్లబారడం సాగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. జాలీ బాయ్‌లో చచ్చి విరిగిన కొమ్ముల గుట్టలు, వాటి పక్కనే కొత్తగా చిగురించిన చిన్న పగడాలు రెండూ కనిపిస్తాయి. గోధుమ రంగు చూసి నిరాశ పడనక్కరలేదు.

తీరంలోని తెల్లటి మెత్తని ఇసుకలో కొంత భాగం చిలుక చేపల విసర్జన. అవి ముక్కులాంటి పళ్లతో పగడపు రాతిని గీకి తిని, జీర్ణం కాని సున్నాన్ని ఇసుకగా వదులుతాయి. ఆ ఇసుకలో గవ్వలు, పగడపు ముక్కలు కనబడితే పిల్లలు జేబులో వేసుకోవడం సహజం. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యంత రక్షణ పొందిన జాబితాలో ఉన్నాయి, కనుక చచ్చిన ముక్కైనా సరే దీవి దాటించడం నేరమే. ఇది పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లాలి. సన్‌స్క్రీన్ పూసుకుని నీళ్లలోకి దిగే బదులు పొడవు చేతుల ఈత చొక్కా వేసుకోవడం ఒంటికీ పగడానికీ మంచిది. పగడం మీద కాలు పెట్టి నిలబడి ఫొటో దిగుతున్న ఒక కుర్రాడిని గైడ్ అక్కడికక్కడే నీళ్లలోంచి బయటికి పంపించేశాడు. ఆ గైడ్‌ను మెచ్చుకోవాలి.

దీవిలో దుకాణం లేదు, హోటల్ లేదు, రాత్రి బస లేదు. నీడకు చెట్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. తిండి వెంట తెచ్చుకోవాలి, ఎంగిలి ఆకు కూడా తిరిగి మోసుకెళ్లాలి. అక్కడ గడపడానికి ఇచ్చేది రెండు మూడు గంటలే, అందులో నీళ్లలోకి దిగేందుకు వంతు కోసం ఎదురుచూపు కలిస్తే సమయం చాలదనిపిస్తుంది. పడవ ఆగగానే తిండి పని పెట్టుకోకుండా ముందుగా స్నార్కెల్ పేరు రాయించుకున్నవారికి నీళ్లు తేటగా ఉన్నప్పుడే వంతు వచ్చింది. భోజనం తరువాత దిగినవారికి జనం కాళ్లు రేపిన ఇసుక మసకే ఎక్కువ కనిపించింది.

జెట్ స్కీ, సముద్రం అడుగున నడక, నీటి ఆటల హడావిడి కావాలనుకునేవారు నార్త్ బేకే వెళ్లడం ఉత్తమం. ఇక్కడ అవేమీ లేవు. మెట్లు ఎక్కి దిగడం కష్టమైన వృద్ధులను, చంటిపిల్లలను ఈ పడవ మార్పిడికి గురిచేయమని నేను చెప్పను. మిగతావారికి ఐదుకు నాలుగు మార్కుల యాత్ర ఇది. తగ్గించిన ఆ ఒక్క మార్కు గాజు పడవ బేరానికి, పడవలో చెప్పకుండా వదిలేసిన కబుర్లకు.