14 కోర్ల పాత జియాన్, 14 కోర్ల కొత్త ల్యాప్‌టాప్: ఒంగోలు ఎండలో రెండిటి పనితనం

రెండు ప్రాసెసర్ల స్పెసిఫికేషన్‌లోనూ కోర్లు (లోపల లెక్కలు చేసే భాగాలు) 14 అనే ఉంటుంది. ఒకటి ఇంటెల్ 2016లో సర్వర్ల కోసం తెచ్చిన జియాన్ ఈ5-2680 వీ4. రెండోది 2022లో ల్యాప్‌టాప్‌లకు వచ్చిన కోర్ ఐ7-12700హెచ్. డేటా సెంటర్లు తీసేసిన ఆ జియాన్ చిప్ చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో తక్కువ ధరకే వస్తోంది. అందుకే నెల్లూరు, ఒంగోలు వైపు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు అడిగేది ఒకటే మాట: "ల్యాప్‌టాప్‌కి అంత డబ్బు ఎందుకన్నా, అవే 14 కోర్లు దీంట్లోనూ ఉన్నాయి కదా?" రెండూ ఒకే గదిలో చాలాకాలం నడిపాక తేలింది ఇది: ఎదురుగా కూర్చుని చేసే పని ల్యాప్‌టాప్‌ది, పెట్టేసి ఇంటికెళ్లే పని జియాన్‌ది. అటుదిటు చేస్తే రెండూ విసిగిస్తాయి.

జియాన్‌లో 14 కోర్లూ ఒకే రకం, త్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) 28. పని ఒక్క కోర్ మీదే ఉంటే 3.3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, అన్నీ పనిలో ఉంటే 2.9 దగ్గర నిలబడుతుంది. 12700హెచ్‌లో పెద్ద కోర్లు 6, చిన్నవి 8, త్రెడ్లు 20. పెద్ద కోర్ 4.7 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది. పైగా ఆ కోర్ నిర్మాణమే కొత్తది, అదే గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ పని లాగుతుంది. ఫొటోషాప్‌లో ఆల్బమ్ పేజీలు చేసేటప్పుడు, చీమకుర్తి క్వారీ ప్లాన్లు ఆటోకాడ్‌లో గీసేటప్పుడు భారం ఎక్కువగా ఒక్క కోర్ మీదే పడుతుంది. అక్కడ ల్యాప్‌టాప్ దాదాపు రెండింతలు చురుకు. జియాన్‌లో మిగతా 13 కోర్లూ ఊరికే చూస్తుంటాయి.

అసలు తేడా వీడియో టైమ్‌లైన్ మీద తెలుస్తుంది. ఇప్పటి సోనీ కెమెరాల్లో పెళ్లి షూట్ చాలామంది 4:2:2 10 బిట్‌లో, అంటే రంగుల వివరం ఎక్కువ ఉండే రకంలో తీస్తున్నారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో ఆ క్లిప్ వేసి స్పేస్‌బార్ నొక్కితే జియాన్ మీద తలంబ్రాల సీను ఆగి ఆగి కదులుతుంది, మాట ముందుకెళ్లిపోతుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే కోర్లన్నీ ఎగిరెగిరి పడుతుంటాయి. కారణం, ఈ జియాన్‌లో గ్రాఫిక్స్ భాగమే లేదు. పక్కన గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కి ముందు కార్డులు 4:2:2ని డీకోడ్ చేయలేవు (విప్పలేవు), భారమంతా ప్రాసెసర్ మీదికే వస్తుంది. 12700హెచ్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే వీడియో విభాగం ఉంది, హెచ్ 265 అనే వీడియో ఫార్మాట్‌లోని 4:2:2ని అది హార్డ్‌వేర్‌లోనే విప్పేస్తుంది. ఒక మెలిక ఉంది: అది హెచ్ 265కే, అంటే సోనీలో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్‌కే. ఎక్స్‌ఏవీసీ ఎస్ పెట్టి తీస్తే అది హెచ్ 264, అందులోని 4:2:2 10 బిట్‌ను 12700హెచ్ కూడా హార్డ్‌వేర్‌లో తీసుకోదు. కెమెరా మెనూలో మార్చాల్సిన దానికి కంప్యూటర్ మార్చేవాళ్లున్నారు.

ఇంకోటి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ కార్డు ఒక్కదాన్నే వాడే మోడ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఇంటెల్ గ్రాఫిక్స్ ఆగిపోయి క్విక్ సింక్ కూడా పోతుంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్లు రెండు కనపడాలి. ఒకటే ఉంటే హైబ్రిడ్ మోడ్‌కి మార్చి రీస్టార్ట్ చేయండి.

జియాన్‌తోనే లాగించాలంటే ప్రాక్సీలే (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి నకలు క్లిప్‌లే) దారి. రాత్రి ప్రాక్సీలు పెట్టేసి పోతే పొద్దునకి తయారుగా ఉంటాయి. ఆ పనిని అది విసుక్కోకుండా చేస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్‌తో, అంటే ప్రాసెసర్ కోర్లతోనే పెద్ద ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు కథ మారుతుంది. ల్యాప్‌టాప్ మొదట్లో దూకుతుంది, స్పెక్ ప్రకారం 115 వాట్ల దాకా తీసుకోగలదు. వేడి 95 డిగ్రీలు చేరగానే 45-60 వాట్లకి దిగిపోతుంది. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో ఇంకా తొందరగా దిగుతుంది. జియాన్ 120 వాట్ల చిప్. నాలుగు హీట్ పైపుల టవర్ కూలర్ ఉంటే 70 డిగ్రీల చుట్టుపక్కల అదే వేగంతో రాత్రంతా నడుస్తుంది. గంటలకొద్దీ సాగే పనిలో మే నెలలో రెండూ ఇంచుమించు ఒకేసారి ముగిస్తాయి. ఇది చాలామంది నమ్మరు. ల్యాప్‌టాప్ వెనక భాగం రెండంగుళాలు ఎత్తి పెట్టినా కొంత నయమే.

మెమరీ వేగంలో జియాన్‌ని తీసిపారేయడానికి లేదు. దానికి మెమరీ ఛానళ్లు (దారులు) నాలుగు. డీడీఆర్4-2400 ర్యామ్ కడ్డీలు నాలుగు పెడితే సెకనుకి 76.8 జీబీ. ల్యాప్‌టాప్‌లో డీడీఆర్5-4800 రెండు కడ్డీలకీ లెక్క సరిగ్గా అంతే. రెండే కడ్డీలు పెట్టి జియాన్ నెమ్మదని తిట్టుకునేవాళ్లు సగం దారి మూసేసుకున్నట్టే. కొనేటప్పుడు లేబుల్ చూడండి: 2400టీ తర్వాత ఆర్ ఉంటే రిజిస్టర్డ్ (సర్వర్ రకం), యూ ఉంటే మామూలుది. రెండూ కలిపితే బూట్ కాదు. రిజిస్టర్డ్ కడ్డీలు పాతవి చవగ్గా వచ్చినా మామూలు డెస్క్‌టాప్‌లో పనికిరావు, తర్వాత అమ్ముకోవడం కష్టం.

చిప్ చవకే, దాన్ని బిగించే మదర్‌బోర్డే గండం. ఎక్స్99 పేరుతో వచ్చే చైనా బోర్డుల్లో కొన్నిటి మీద ఉండే చిప్‌సెట్ (బోర్డుని నడిపే చిప్) ఎక్స్99 కాదు, వేరే పాతది. స్లీప్‌లోకి పోతే లేవకపోవడం, ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడులో తిరగడం వాటికి మామూలు. స్లీప్ ఆపేసి షట్‌డౌనే చేసుకోవడం మేలు. కూలర్ కొనే ముందు సాకెట్ బిగింపు చతురస్రమా, ఇరుకు రకమా చూడాలి, ఒకదాని కూలర్ రెండోదానికి ఎక్కదు. అన్ని కోర్లనీ గరిష్ఠ టర్బో వేగంలో నడిపే బయాస్ (బోర్డు సాఫ్ట్‌వేర్) చిట్కా ముందు తరం వీ3 చిప్‌లకే పనిచేస్తుంది. వీ4కి చేసి పెడతామంటే డబ్బులివ్వకండి.

కరెంటు సంగతి. ఖాళీగా ఉన్నప్పుడు గోడ దగ్గర మీటర్‌లో జియాన్ పెట్టె సుమారు 80 వాట్లు, ల్యాప్‌టాప్ 20. రోజంతా ఆన్‌లో ఉంచితే ఆ 60 వాట్ల తేడా నెలకి 43 యూనిట్లు, యూనిట్ 9 రూపాయలనుకుంటే 390 దాకా. కరెంటు పోయినప్పుడు ఇంకో తంటా. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్, అంటే డెస్క్‌టాప్ పవర్ సప్లయ్, తడబడి కంప్యూటర్ తరచూ రీస్టార్ట్ అవుతుంది. ఎక్స్‌పోర్ట్ మధ్యలో అలా జరిగితే ఎంపీ4 చివర పడాల్సిన ఇండెక్స్ పడక ఫైలే తెరుచుకోదు. సైన్ వేవ్ ఇన్వర్టర్ గానీ యూపీఎస్ గానీ తప్పదు, ఆ ఖర్చు కూడా జియాన్ ఖాతాలోనే వేయాలి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, కానీ ఎప్పుడూ ఛార్జర్ మీదే ఉంటే ఈ వేడికి ఉబ్బొచ్చు. ఛార్జింగ్ 80 శాతానికి ఆపే సెట్టింగ్ పెట్టుకోండి. టచ్‌ప్యాడ్ నొక్కుడు గట్టిపడితే బ్యాటరీ ఉబ్బిందేమో వెంటనే చూపించాలి.

కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి కడ్డీల బంగారు పళ్లు మసకబారి, జియాన్ బీప్ కొట్టి ఊరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక గట్టిగా గుచ్చితే చాలాసార్లు లేస్తుంది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 మద్దతు జాబితాలో ఈ జియాన్ లేదు. అందుకే ఇప్పుడు దాన్ని కొనేవాళ్లు లినక్స్ వేసుకుని, నాలుగైదు హార్డ్ డిస్కులు తగిలించి, పాత పెళ్లిళ్ల ఫుటేజీ దాచే ఫైల్ సర్వర్‌గా, రాత్రిళ్లు వీడియోలు కన్వర్ట్ చేసే యంత్రంగా వాడుకోవచ్చు. కార్డులు తగిలించే పీసీఐ 3.0 లేన్లు (దారులు) 40 ఉన్నాయి, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలకి, నెట్‌వర్క్ కార్డులకి చోటు కొదవుండదు. ఒక్క యంత్రానికే డబ్బుంటే మాత్రం ల్యాప్‌టాపే కొనండి.