గది థర్మోస్టాటా, బయటి చలిని చూసే కంట్రోలా?
ఇంగ్లండ్‌లో 2005 నుంచి ఇళ్లను వెచ్చబరిచేందుకు బిగిస్తున్న గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకానివే అయినా, గదుల్లోని రేడియేటర్లకు (వేడినీటితో గదిని వెచ్చబరిచే పలకలకు) వెళ్లి తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే పొగలోని ఆవిరి నీరుగా మారి, అందులో దాగిన వేడి ఇంటికి దక్కుతుంది.

మామూలు గది థర్మోస్టాట్‌కు ఈ సంగతి పట్టదు. గది 20 డిగ్రీలకు చేరేదాకా బాయిలర్‌ను మండించి, చేరగానే టక్కున ఆపేస్తుంది; నీరు మాత్రం, బయట చలి ఎంతున్నా, బాయిలర్ మీద పెట్టిన 70 డిగ్రీలకే కాగుతుంది. ధర తక్కువ, బిగించడం తేలిక.

రెండో పద్ధతిలో, అంటే బయటి చలిని చూసే కంట్రోల్‌లో, ఎండ తగలని ఉత్తరపు గోడకు చిన్న సెన్సర్ ఉంటుంది. బయట 10 డిగ్రీలున్నప్పుడు నీటిని 45 దగ్గర, గడ్డకట్టే చలిలో 60 దగ్గర ఉంచేలా ఈ కంట్రోల్‌ను సర్దుకోవచ్చు. రేడియేటర్ మీద చేయి పెడితే చురుక్కుమనదు, గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. అది పాడైందనుకుని అలవాటు లేనివారు వేడి పెంచేయడమే ఇక్కడి చిక్కు.

రోజంతా మనుషులుండే ఇంటికి నేను దీన్నే ఎంచుకుంటాను. పగలు తాళం వేసి, సాయంత్రం త్వరగా వేడెక్కవలసిన ఇంటికి థర్మోస్టాటే నయం, అయితే కాంబి బాయిలర్ (ట్యాంకు లేకుండా కుళాయి నీటిని అప్పటికప్పుడు వేడి చేసేది) ఉంటే రేడియేటర్లకు వెళ్లే నీటి వేడిని 60కి తగ్గించుకోవాలి. వేడినీటి ట్యాంకున్న ఇంట్లో ఇంత తగ్గించకూడదు. బాయిలర్ నీరే 60 దగ్గర ఉంటే ట్యాంకులోని నీరు 60 డిగ్రీలకు చేరదు; చేరకపోతే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.