అంగ్‌కోర్ పాస్ మేమే ఇస్తామనే వైజాగ్ ట్రావెల్స్‌తో జాగ్రత్త (ఒంటరిగా తిరిగేవాళ్ళు తప్పకుండా చదవండి)

ద్వారకానగర్‌లో ఆఫీసు పెట్టుకుని, ఇన్‌స్టాలో రోజుకో రీలు వదిలే ఆ ట్రావెల్స్ గురించే చెప్తున్నాను. "సోలో ట్రావెలర్స్‌కి స్పెషల్, ఫ్లైటు మీది, సైట్‌సీయింగ్ మాది" అని ఊదరగొడుతుంటారే, వాళ్ళే. పేరు రాస్తే లాయర్ నోటీసు పంపుతామని నిన్న సాయంత్రమే బెదిరించారు కాబట్టి రాయడం లేదు. వైజాగ్ వాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అర్థం కాలేదంటే ఇంకా మంచిది, వాళ్ళ రీలు ఇంకా మీ కంట పడలేదన్నమాట.

సంగతి క్లుప్తంగా. నాది రిషికొండలో ఉద్యోగం, లీవు దొరకడమే గగనం. సింగపూర్ మీదుగా వియత్నాంలో హోచిమిన్ సిటీ, అక్కణ్ణించి కంబోడియాలో అంగ్‌కోర్ వాట్ గుడి ఉన్న సియెమ్ రీప్, మళ్ళీ ఇంటికి. ఒక్కదాన్నే, వీపుకో బ్యాగు. ఫ్లైట్లు, హాస్టళ్ళు అన్నీ నేనే చూసుకున్నాను. ఊళ్ళు చూసే రోజులు మాత్రం వీళ్ళకి అప్పజెప్పాను, పొద్దున్నే లేచి బేరాలాడే పని తప్పుతుంది కదా అని. తప్పింది, బేరాలాడే పని ఒక్కటే తప్పింది.

ప్యాకేజీ 34,000. దాని మీద "టీసీఎస్ మేడమ్, గవర్నమెంటు రూలు" అని, అంటే విదేశీ ప్యాకేజీల మీద ముందే పట్టుకునే పన్ను కింద, ఇంకో 1,700. కట్టించుకున్నది కంపెనీ ఖాతాలోకి కాదు, ఎవరిదో సొంత నంబరుకి జీపే. "కంపెనీ క్యూఆర్ పాడైంది మేడమ్" అన్నారు. క్యూఆర్ ఎలా పాడవుతుందో నేను అడగలేదు. బీటెక్ చదివాను మరి. వియత్నాం ఈ-వీసాకి ప్రభుత్వం తీసుకునేది 25 డాలర్లు, మా దగ్గర తీసుకున్నది 4,500. సరే, సర్వీసు చార్జీ అనుకుందాం. దాని గురించి కాదు నా ఏడుపు.

హోచిమిన్‌లో కూచి సొరంగాల టూరు "ఫుల్ డే, లంచ్, ఎంట్రీ అన్నీ కలిపి" అని రాసిచ్చారు. వచ్చింది హాఫ్ డే బస్సు. ఎంట్రీ టికెట్టు డబ్బులు గైడు దారిలోనే వసూలు చేసుకున్నాడు, తన దగ్గరున్న లిస్టులో నా పేరు పక్కన "నో లంచ్" అని ఉంది. యుద్ధకాలంలో 200 కిలోమీటర్లకి పైగా తవ్విన సొరంగాలవి. టూరిస్టులు పట్టేలా కాస్త వెడల్పు చేసిన ముక్కలోనే వంగి వంగి నడుస్తుంటే నడుం పట్టేసింది. అప్పుడు కూడా పోనీలే, పెద్ద ఊరు, ఏదో మాట తేడా వచ్చుంటుంది అని వదిలేశాను.

సియెమ్ రీప్‌లో దిగాక పికప్ లేదు. వాళ్ళ కాగితంలో "ఎయిర్‌పోర్టు నుంచి హాస్టల్ 15 నిమిషాలు" అని ఉంది. అది పాత ఎయిర్‌పోర్టు సంగతి. 2023 అక్టోబరులో కొత్తది తెరిచారు, అది ఊరికి 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. అంటే వీళ్ళు ఆ కాగితం ఎక్కణ్ణించి కాపీ కొట్టారో, ఎప్పుడు కొట్టారో మీరే లెక్క వేసుకోండి. షటిల్ బస్సు పట్టుకుని చీకటి పడ్డాక హాస్టల్ చేరాను.

ఇక అసలు విషయం. మొత్తం ట్రిప్పే అంగ్‌కోర్ వాట్‌లో సూర్యోదయం కోసం పెట్టుకున్నది. ఆ గుడి ముఖం పడమటికి. అందుకే పొద్దున ఎదురుగా నిలబడితే సూర్యుడు శిఖరాల వెనక నుంచి లేస్తాడు, ముందున్న కొలనులో గుడి నీడ పడుతుంది. ఫొటోలు అందరూ చూసే ఉంటారు. వీళ్ళు "అంగ్‌కోర్ 3 డేస్ పాస్ విత్ గైడ్" అని విడిగా 9,500 లెక్క కట్టారు. చేతికిచ్చింది కలర్ ప్రింటు తీసిన ఏ4 కాగితం. పైన గుడి బొమ్మ, మధ్యలో నా పేరు, అందులోనూ స్పెల్లింగు తప్పు, కింద మూలన ఒక క్యూఆర్ కోడ్. లామినేషన్ కూడా చేయించారండీ, ఆ ముచ్చట కూడా తీర్చారు.

హాస్టల్ వాళ్ళు మాట్లాడిపెట్టిన టుక్‌టుక్ అన్న చీకట్లోనే వచ్చాడు. గైడు మాత్రం రాలేదు, ఫోను ఎత్తలేదు. గుళ్ళవైపు వెళ్ళే రోడ్డు మీద చెక్‌పోస్టు ఉంటుంది, అక్కడ పాస్ చూపించాలి. లామినేషన్ కాగితం ఇచ్చాను. గార్డు టార్చి వేసి చూశాడు, వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు. "ఫొటో?" అన్నాడు. నాకర్థం కాలేదు. తర్వాత తెలిసింది, అసలు పాస్ మీద మన ముఖం అచ్చువేసి ఉంటుందట. కౌంటర్ దగ్గర కొంటే అక్కడికక్కడే కెమెరాతో తీస్తారు, ఆన్‌లైన్‌లో కొన్నా మన ఫొటో పెట్టాల్సిందే. ఒకరి పాస్ మీద ఇంకొకరు వెళ్ళడానికి లేదు. ద్వారకానగర్‌లో నన్ను ఫొటో అడిగినవాడే లేడు.

ఇంకా నమ్మకం చావలేదు చూడండి, "క్యూఆర్ ఉంది, స్కాన్ చెయ్యండి" అని నేనే వేలు పెట్టి చూపించాను. ఆయన తన ఫోను తీసి స్కాన్ చేశాడు. ట్రావెల్స్ వాళ్ళ ఇన్‌స్టా పేజీ తెరుచుకుంది. పైనే పెట్టిన రీలు దానంతటదే మొదలైంది. ఆర్కే బీచ్‌లో నల్లకళ్ళద్దాలతో ఓనరుగారు, "నమ్మకం మాది, ప్రయాణం మీది!" సౌండుతో సహా, అంత చీకట్లో, కంబోడియా చెట్ల మధ్య, తెలుగులో. వెనక లైన్లో ఉన్న టుక్‌టుక్‌ల వాళ్ళు తలలు బయటపెట్టి చూశారు. గార్డు పాపం నవ్వు ఆపుకుని "నో మేడమ్, నో టికెట్" అన్నాడు. సింహాచలం చందనోత్సవానికి వీఐపీ పాస్ అని వేలు గుంజి, గేటు దగ్గరికెళ్ళాక అది జిరాక్స్ అని తేలితే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

టుక్‌టుక్ అన్న ఏమీ అనకుండా బండి వెనక్కి తిప్పి టికెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ పెద్ద లైను. మూడు రోజుల పాస్ 62 డాలర్లు, మళ్ళీ నా జేబులోంచే. ఇంతా చేసి దాని ఖరీదు 9,500 కాదు, 5,000 చిల్లర. ఆ డబ్బులో 2 డాలర్లు అక్కడి కాంతా బోఫా పిల్లల ఆసుపత్రికి వెళ్తాయట. నేను కట్టినదాంట్లో ఒక మంచిపనికి వెళ్ళిన ముక్క అదొక్కటే. పాస్ చేతికొచ్చి, గుడి ముందుకి చేరేసరికి సూర్యుడు శిఖరాలు దాటి పైకొచ్చేశాడు. కొలను దగ్గర జనం ట్రైపాడ్‌లు మడిచేసుకుంటున్నారు.

అక్కడే మెట్ల మీద కూర్చుని ఓనరుకి వాట్సాప్ కాల్ చేశాను. మనకంటే వాళ్ళ టైము గంటన్నర ముందు. ఎత్తాడు.

"ఏటమ్మా, ఇక్కడ ఇంకా సరిగా తెల్లారనేదు."

"ఇక్కడ తెల్లారిపోయింది సార్, అదే నా బాధ. మీరిచ్చిన పాస్ చెల్లలేదు."

"అది పాస్ కాదమ్మా, వోచరు. అది చూపించి అక్కడ టికెట్ కొనుక్కోవాలి."

డబ్బులు పెట్టి టికెట్ కొనుక్కోవడానికి వోచరెందుకు సార్ అంటే జవాబు లేదు. గైడు ఏడి అంటే "ఒక్కరి కోసం గైడు రాడమ్మా, గ్రూపయితే వస్తాడు" అన్నాడు. సోలో స్పెషల్ అని అమ్మింది మీరే కదా అన్నాను. అప్పుడు వచ్చింది ఆ మాట. "ఒక్కర్తివీ దేశాలట్టుకు తిరగ్గలవు గానీ ఒక టికెట్టు కొనుక్కోలేవేటి? సర్లే, మీ నాన్నగారి నంబరుంది నా దగ్గర, ఆయనతో మాట్లాడతాన్లే" అని పెట్టేశాడు.

నేను బెదిరింపు అనుకున్నాను. నిజంగానే చేశాడు. బుకింగ్ ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని అడిగితే నాన్న నంబరు ఇచ్చాను, నాకేదైనా అయితే చెప్పడానికి. ఆ నంబరుకి ఫోన్ చేసి, "మీ అమ్మాయి టికెట్టు లేకుండా గుళ్ళోకి పోబోతే గార్డులు ఆపేశారు, మామీద కేకలేస్తోంది, పరాయి దేశం, మీరు కాస్త చెప్పండి" అన్నాడట. మా నాన్నకి బీపీ. అనకాపల్లిలో పొద్దున్నే ఇల్లంతా గోల. అరగంటలో అమ్మ ఫోను. "ఏటే, పోలీసులు పట్టుకున్నారట?" అంటూ ఏడుస్తోంది. పక్కన పిన్ని గొంతు, ఎదురింటి వాళ్ళ గొంతు. వీడియో కాల్‌లో వెనక గుడి చూపించి, పోలీసులెవరూ లేరని నమ్మించడానికి నా రోమింగ్ డేటా మొత్తం అయిపోయింది. డబ్బు పోవడం ఒకెత్తు. ఒంటరిగా పంపించడానికి ఒప్పుకున్న మనిషిని, ఎమర్జెన్సీ కోసం ఇచ్చిన నంబరుతోనే భయపెట్టడం ఏం వ్యాపారం? ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

ఆ రోజు మిగతా పూట ఎలా గడిచిందో చెప్పాలంటే, గైడు రాకపోవడమే నయమైంది. గుడి చుట్టూ గోడల మీద చెక్కినవన్నీ మనకి తెలిసిన కథలే. పడమటి వైపు కురుక్షేత్రం, లంకా యుద్ధం. తూర్పు గోడ మీద క్షీరసాగర మథనం, వాసుకిని ఒకవైపు 92 మంది అసురులు, ఇంకోవైపు 88 మంది దేవతలు పట్టుకుని లాగుతుంటారు. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించిన విష్ణుగుడి మరి. పక్కన ఎవరో విదేశీ టూరిస్టుల గైడు కూర్మావతారం గురించి తడబడుతుంటే నేనే అందుకుని చెప్పాను. వాళ్ళు నాకు టిప్ ఇవ్వబోయారు. తీసుకోవాల్సింది, 9,500లో కొంతైనా వచ్చేది.

తిరిగొచ్చిన మర్నాడే ద్వారకానగర్ వెళ్ళాను. అదే ఓనరు, అదే కళ్ళద్దాలు, ఆఫీసు లోపల కూడా. ఎదురుగా కొత్తగా పెళ్ళయిన జంట బాలి ప్యాకేజీ మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే "రండి మేడమ్, కూల్‌డ్రింకు తెమ్మంటారా" అని మర్యాద మొదలైంది. ఫోనులో ఒక్కర్తివి, ఆఫీసులో మేడమ్. పాస్ డబ్బులు, గైడు డబ్బులు, కూచి ఎంట్రీ, లంచ్ లెక్క కట్టి ముందు పెట్టాను. "క్యాష్ రిఫండ్ మా పాలసీలో లేదు మేడమ్, కావాలంటే బొర్రా, అరకు వన్ డే టూరు ఫ్రీగా పంపిస్తాం" అన్నాడు. అనకాపల్లి పిల్లకి బొర్రా గుహలు చూపిస్తాడట! స్కూల్లో ప్రతి ఏడూ మమ్మల్ని బస్సులో కుక్కి తీసుకెళ్ళింది అక్కడికే కదా.

సరే, ఆ టీసీఎస్ 1,700 సర్టిఫికెట్ ఇవ్వండి అన్నాను. "అదేటి?" అన్నాడు. టీసీఎస్ అని తీసుకుంటే మన పాన్ నంబరు మీద ప్రభుత్వానికి కట్టాలి, అది ఆదాయపన్ను సైటులో మన పన్ను లెక్కలో కనిపించాలి, రిటర్ను వేసేటప్పుడు మనం లెక్కలో వేసుకోవచ్చు. వీళ్ళు నా పాన్ అడగనే లేదు. మరి ఆ 1,700 ఎవరి పేరున కట్టినట్టు? ఈ ముక్క నేను కొంచెం గట్టిగానే అన్నాను. బాలి జంట ఒకరి మొహం ఒకరు చూసుకుని "మళ్ళీ వస్తాం" అని లేచారు. అప్పుడు మాత్రం ఓనరు కళ్ళద్దాలు తీశాడు. నోటీసు మాట వచ్చింది అప్పుడే. నేను పెట్టిన ఒక్క నక్షత్రం రివ్యూ తీసేస్తే 2,000 ఇస్తానన్న మాట కూడా. తీయలేదు.

ఏం చెయ్యాలంటారా, నాకు తెలిసిన నాలుగు ముక్కలు. అంగ్‌కోర్ పాస్ అక్కడి అధికారిక కౌంటర్‌లో గానీ, వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లో గానీ తప్ప ఎక్కడా కొనకండి. ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. మూడు రోజుల పాస్ వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. సూర్యోదయం చూడాలంటే ముందురోజే కొని పెట్టుకోండి. కూచి లాంటి టూర్లు హోచిమిన్‌లో ఏ హాస్టల్ కౌంటర్‌లోనైనా దొరుకుతాయి, ముందే కట్టక్కర్లేదు. డబ్బు కంపెనీ ఖాతాకే వెయ్యండి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఎమర్జెన్సీ కాంటాక్ట్ కింద ఇంట్లో పెద్దవాళ్ళ నంబరు కాకుండా గట్టిగా మాట్లాడగల ఫ్రెండు నంబరు ఇవ్వండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ నమోదు చేయించాను. తేలకపోతే ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఇదే ట్రావెల్స్‌కి డబ్బు కట్టి మోసపోయినవాళ్ళుంటే మీ జీపే స్క్రీన్‌షాట్లు, లామినేషన్ కాగితాలు పారెయ్యకండి, నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం. ఇంకో సంగతి, వాళ్ళ లేడీస్ గ్రూపు ఒకటి వచ్చే నెల వియత్నాం, కంబోడియా వెళ్తోందని వాళ్ళ రీలులోనే ఉంది. అందులో మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే, పాస్ కోసం వాళ్ళ ఫొటో ఎవరైనా అడిగారో లేదో ఈరోజే కనుక్కోమనండి.