"నీ డబ్బా మళ్ళీ పడుకుందిరా": రాస్ప్‌బెర్రీ పై 4 వైఫైతో నాలుగేళ్ళు

2020 చివర్లో కొన్న రాస్ప్‌బెర్రీ పై 4, అంటే ఒకే బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటర్, మా హాల్లో టీవీ స్టాండ్ వెనక ఉంటుంది. దానికి ఒక చిన్న హార్డ్‌డిస్క్ తగిలించాను. అందులో ఇంటిల్లిపాది ఫోటోలు, అమ్మ వినే పాత పాటలు ఉన్నాయి. పొద్దున్నే వంటింట్లో అమ్మ తన ఫోన్‌లో ఆ పాటలు పెట్టుకుంటుంది. పెట్టుకోవాలని చూస్తుంది అనాలి, ఎందుకంటే మొదటి మూడేళ్ళూ వారానికి రెండు మూడు సార్లు "ఏరా, నీ డబ్బా మళ్ళీ పడుకుందిరా" అనే కేకతోనే నాకు తెల్లారేది.

ముందే చెప్తున్నా, బోర్డు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. రౌటర్ నుంచి కేబుల్ లాగితే ఈ వైఫై గొడవే ఉండదని తెలుసు, దానికి వేగమైన నెట్‌వర్క్ కేబుల్ పోర్టు (గిగాబిట్) కూడా ఉంది. కానీ మాది అద్దె ఇల్లు. క్యాలెండర్‌కి మేకు కొట్టాలన్నా ఓనర్ గారిని అడగాలి.

నేను చేసిన పెద్ద పొరపాటు మొదటి నెలలోనే చేశాను. ఐదు నిమిషాలకోసారి రౌటర్‌కి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) కొట్టి, జవాబు రాకపోతే బోర్డుని రీబూట్ చేసే చిన్న స్క్రిప్టు రాసి, టైముకి పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను. అప్పట్లో తెగ మురిసిపోయాను. పైగా ఎస్‌డీ కార్డు అరిగిపోకూడదని లాగ్‌లన్నీ (ఏం జరిగిందో బోర్డు రాసుకునే చిట్టా) మెమరీలోనే ఉండేలా మార్చాను. అంటే వైఫై ఎందుకు పోయిందో చెప్పే ఆనవాళ్ళని ప్రతి రీబూట్‌తో నేనే తుడిచేస్తున్నానన్నమాట. ఒకసారి ఫోటోలు కాపీ అవుతుండగా రీబూట్ అయి సగం ఫైళ్ళు ముక్కలైతే గానీ బుద్ధి రాలేదు. స్క్రిప్టు తీసేసి, లాగ్‌లని డిస్క్‌లోకి మళ్ళించి, కూర్చుని చూడటం మొదలుపెట్టాను.

మొదట దొరికింది వైఫై సెట్టింగ్‌లోని దేశం. తొలిరోజు సెటప్‌లో కీబోర్డుకి యూఎస్ అని ఎంచుకున్న ఊపులో వైఫైకి కూడా అదే కొట్టేశాను. అమెరికా నిబంధనల కింద బోర్డులో నడిచే లినక్స్ 2.4 గిగాహెర్ట్జ్‌లో 11వ చానల్ దాకే చూస్తుంది. మన దగ్గర 13 దాకా వాడొచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా రౌటర్ తనకు తోచిన చానల్‌కి మారేది. అది 12కో 13కో వెళ్ళిన రోజు బోర్డుకి మా వైఫై కనపడేది కాదు. ఇక నా స్క్రిప్టు రాత్రంతా దాన్ని ఐదు నిమిషాలకోసారి లేపి కూర్చోబెట్టేది, పాపం. దేశం ఇండియాకి మార్చాక ఆ బాధ పోయింది.

అమ్మ పాటల సంగతి మాత్రం తేలలేదు. విచిత్రం ఏంటంటే, అమ్మ ఫోన్‌కి డబ్బా దొరకని రోజుల్లో కూడా డబ్బా నుంచి పింగ్ కొడితే అంతా బాగానే ఉండేది. ఒకరోజు తిరగేసి, లాప్‌టాప్ నుంచి డబ్బాకి కొట్టాను. మొదటి రెండింటికి జవాబే లేదు. మూడోది 210 మిల్లీసెకన్లు, ఆ తర్వాత వరసగా 4, 3, 4. నిద్రలోంచి లేపిన మనిషి మొదట తడబడి తర్వాత సరిగ్గా మాట్లాడినట్టు. వైఫై సంగతులు చెప్పే 'ఐడబ్ల్యూ' కమాండ్‌తో పవర్ సేవ్ (కరెంటు ఆదా) సంగతి అడిగితే ఆన్ అని చెప్పింది. వైఫై చిప్ పని లేనప్పుడు కునుకు తీసి, అప్పుడప్పుడు లేచి నాకేమైనా వచ్చిందా అని రౌటర్‌ని అడుగుతుంది. బ్యాటరీ మీద నడిచేవాటికి అది మంచిదే. ఇరవై నాలుగ్గంటలూ ప్లగ్గులో ఉండేదానికి ఎందుకు? తను మాట్లాడాలంటే లేస్తుంది కాబట్టి లోపలి నుంచి కొట్టిన పింగ్‌కి ఈ జబ్బు దొరకదు. మూడేళ్ళుగా అమ్మ చెప్తున్నది అక్షరాలా నిజం, అది పడుకునే ఉంది.

ఆ కమాండ్‌తోనే ఆఫ్ చేయొచ్చు కానీ రీబూట్ అయితే మళ్ళీ మొదటికొస్తుంది. 2023 అక్టోబర్లో వచ్చిన బుక్‌వర్మ్ వెర్షన్ నుంచి, బోర్డు ఆపరేటింగ్ సిస్టమ్ అయిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో నెట్‌వర్క్‌ని నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటోంది కాబట్టి, దాని సెట్టింగ్స్ ఫైల్లో వైఫై పవర్‌సేవ్‌కి 2 అని రాసి పెట్టాను. అవును, అక్కడ 2 అంటే ఆఫ్, 3 అంటే ఆన్. సున్నా పెట్టి ఆఫ్ అయిందనుకుని నేను ఒక వారం పోగొట్టుకున్నాను.

కరెంటు విషయం త్వరగా చెప్పేస్తాను. పాత ఫోన్ చార్జర్‌తో నడిపేవాణ్ణి. దీనికి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. వోల్టేజి 4.63 కంటే పడిపోతే లాగ్‌లో హెచ్చరిక వస్తుంది. నా లాగ్ నిండా అవే. సరైన అడాప్టర్ కొన్నాను, ఆగిపోయాయి.

చివరిది హార్డ్‌డిస్క్. ఫోటోలు కాపీ చేసేటప్పుడే వైఫై నత్తనడక నడిచేది. యూఎస్‌బీ 3 సిగ్నల్ నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం రాసింది. నా డిస్క్ కేబులేమో చవకరకం, బోర్డు పక్కనే చుట్టచుట్టి పడేసి ఉంది. కాపీ నడుస్తుండగా వంద పింగ్‌లు కొడితే 31 పోయాయి. డిస్క్‌ని నీలం పోర్టు నుంచి పీకి నల్ల పోర్టులో, అంటే యూఎస్‌బీ 2లో పెట్టి మళ్ళీ కొడితే ఒక్కటీ పోలేదు. డిస్క్ వేగం బాగా తగ్గింది నిజమే, పాటలకి అంత వేగం ఎవరికి కావాలి? 5 గిగాహెర్ట్జ్‌కి మారినా ఈ రొద తప్పేది. కానీ రౌటర్‌కీ దీనికీ మధ్య రెండు గోడలు, ఒక ఇనప బీరువా ఉన్నాయి. అక్కడ సిగ్నల్ మైనస్ 78 డీబీఎం, అంటే బాగా బలహీనంగా, చూపించింది, వదిలేశాను.

ఇవన్నీ సర్దుకుని పద్నాలుగు నెలలైంది. ఈ మధ్యలో రెండుసార్లే పోయింది, రెండుసార్లూ రౌటర్‌ని ఆపి పెడితే వచ్చింది. రీబూట్ స్క్రిప్టు మళ్ళీ పెట్టలేదు. మొన్న పొద్దున అమ్మ మళ్ళీ పిలిచింది. గుండె గుభేల్మంది. వెళ్ళి చూస్తే ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.