హ్యామక్‌లో ఐమూలగా పడుకుంటేనే నిద్ర: వైజాగ్ కాలనీ, సోమశిల, మన్ననూరు

పాలమూరు, నల్లగొండ వైపు నీళ్ల ఒడ్డున రాత్రి బసకు వెళ్లేవాళ్లు ముందు టెంట్ రేటు అడుగుతారు, తర్వాత చేపల వేపుడు దొరుకుతుందా అని అడుగుతారు. హ్యామక్, అంటే రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఉయ్యాల, పట్టుకెళ్లేవాళ్లు అడగాల్సింది చెట్ల గురించి. 12 నుంచి 15 అడుగుల ఎడంలో రెండు గట్టి మొద్దులు ఉండాలి, కింద నేల మీద రాళ్లు ఉండకూడదు, పైన ఎండుకొమ్మ వేలాడకూడదు. ఈ మూడూ కుదిరితే గది కంటే అక్కడే మంచి నిద్ర పడుతుంది. ఈ చలికాలం నేనూ మా బావమరిదీ వైజాగ్ కాలనీ, సోమశిల, మన్ననూరు తిరిగొచ్చాం. అక్కడ ఏమేం చూడాలో చాలామంది రాశారు కాబట్టి నేను రాత్రి నిద్ర సంగతే ఎక్కువ రాస్తాను. హ్యామక్ కొన్నవాళ్లు ఒక్క రాత్రి పడుకుని, నడుం పట్టేసిందని దాన్ని అటక మీద పడేయడం చూస్తుంటే బాధగా ఉంటుంది. నూటికి తొంభై పాళ్లు అది కట్టిన తీరుతో, పడుకున్న తీరుతో వచ్చే నొప్పే.

వైజాగ్ కాలనీ నల్లగొండ జిల్లాలో, దేవరకొండ దాటి నేరేడుగొమ్ము వైపు వెళ్తే వస్తుంది. నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ ఊరిని ఆనుకునే ఉంటుంది. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. నీళ్లు ఆ దరిదాపుల్లో ఉన్నప్పుడు వెళ్తే గుట్టల నడుమ నీరు ఇంటి గడప దాకా వచ్చినట్టుంటుంది. మట్టం బాగా పడిపోయాక వెళ్తే బురద, రాళ్లు దాటుకుని నీటిదాకా నడవాలి. అందుకే బయల్దేరే ముందు పేపర్లో జలాశయం మట్టం చూసుకోవడం మంచిది. చేపలు మన కళ్ల ముందే కోసి, కారం పట్టించి వేయిస్తారు. భోజనం విషయంలో ఈ యాత్ర మొత్తానికి మొదటి మార్కు ఇక్కడే ఇస్తాను.

బసకు మాత్రం అంత మార్కు ఇవ్వలేను. మేం దిగిన ఒక ప్రైవేటు క్యాంపులో ఇనుప స్తంభాలు పాతి, రెండు చివర్లా కర్రలు అడ్డంగా పెట్టిన ఉయ్యాలలు బిగించి కట్టారు. ఫొటోలో అవి చదునుగా, అందంగా కనిపిస్తాయి. కానీ అడ్డకర్ర ఉన్న ఉయ్యాలలో మనిషి బరువు గుడ్డ లోతుల్లో దిగదు, అంచుల ఎత్తులోనే తేలుతుంది. కాస్త పక్కకు తిరిగితే మొత్తం తిరగబడుతుంది. మా బావమరిది అర్ధరాత్రి అలాగే ఇసుకలో పడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ ఆ తర్వాత ఇద్దరం టెంట్లోకి వెళ్లిపోయాం. మరుగుదొడ్డి దగ్గర లైటు లేదు, జనరేటర్ మోత చాలాసేపు ఆగలేదు. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఈ రెండూ ముందే కనుక్కోవాలి.

తాడు ఎంత బిగిస్తే అంత చదునుగా ఉంటుందన్నది చాలామంది నమ్మకం. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. బిగించేకొద్దీ గుడ్డ అంచులు లేచి భుజాలను రెండు వైపుల నుంచీ నొక్కుతాయి, మనిషి చింతకాయ పెంకులో గింజలా ఇరుక్కుంటాడు. ఉయ్యాలను చెట్టుకు కట్టే పట్టీల మీద లాగుడు కూడా విపరీతంగా పెరుగుతుంది. 70 కిలోల మనిషి పడుకున్నప్పుడు పట్టీ 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు 70 కిలోల లాగుడు పడుతుంది. వాలు 15 డిగ్రీలకు తగ్గితే అది దాదాపు 135 కిలోలు, 10 డిగ్రీలకు తగ్గితే 200 కిలోలు దాటుతుంది. ఆ క్యాంపులో ఇనుప స్తంభాలు లోపలికి ఒంగి ఉండటానికి కారణం ఇదే.

కాబట్టి వదులుగా కట్టాలి. 30 డిగ్రీలు కొలవడానికి పరికరం అక్కర్లేదు. చూపుడువేలిని నేలకు సమాంతరంగా చాపి, బొటనవేలిని నిటారుగా పైకెత్తండి. పట్టీ ఆ రెండు వేళ్ల కొసలనూ కలిపే గీత వెంట సాగుతుంటే వాలు సరిపోయినట్టే. ఇంకా నిలకడగా కావాలంటే హ్యామక్ రెండు చివరలనూ కలుపుతూ పైన ఒక సన్నని తాడు శాశ్వతంగా ఉంచుకోవాలి. దాని పొడవు హ్యామక్ పొడవులో 83 శాతం దగ్గర ఉంటే ఎక్కువమందికి నప్పుతుంది. 11 అడుగుల గుడ్డకు 9 అడుగుల పైచిలుకు తాడు సరిపోతుంది. ఆ తాడు ఉంటే చెట్లు దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా ఉయ్యాల వంపు ప్రతి రాత్రీ ఒకేలా వస్తుంది. దానికే టార్చ్, కళ్లజోడు సంచి వేలాడదీసుకోవచ్చు. చెట్టుకు పట్టీ చుట్టే ఎత్తు దాదాపు 6 అడుగులు. మనం కూర్చున్నప్పుడు గుడ్డ కుర్చీ ఎత్తులో, నేలకు అడుగున్నరలో ఉండాలి. అంతకన్నా ఎత్తు పెంచితే పడినప్పుడు దెబ్బ గట్టిగా తగలడం తప్ప లాభం లేదు.

ఇక అసలు సంగతి, పడుకోవడం. నడిమధ్యలో కూర్చుని, వెనక్కి వాలి, కాళ్లు లోపలికి తీసుకున్నాక అక్కడితో ఆపకూడదు. తలను ఒక పక్కకు, కాళ్లను ఎదురు పక్కకు జరిపి ఐమూలగా పడుకోవాలి. తల మధ్యగీతకు కుడివైపు జరిగితే పాదాలు ఎడమవైపు వెళ్లాలి. అలా జరగగానే గుడ్డ వీపు కింద పరుచుకుంటుంది, ఒంటి వంపు తగ్గిపోతుంది, నడుం దాదాపు నులక మంచం మీద ఉన్నంత తిన్నగా అవుతుంది. మధ్యగీత వెంట నిలువుగా పడుకుంటే ఎంత ఖరీదైన హ్యామక్ అయినా నడుం వంగే ఉంటుంది. పాదాల వైపు చివరను తలవైపు కంటే ఒక జానెడు ఎత్తుగా కడితే రాత్రి కిందికి జారిపోకుండా ఉంటాం.

నొప్పి ఎక్కడ వస్తుందో చూసి సరిచేసుకోవాలి. మోకాళ్లు వెనక్కి వంగినట్టు లాగుతుంటే మోకాళ్ల కింద మడతపెట్టిన స్వెటర్ పెట్టండి. పిక్కల కింద గుడ్డ గట్టి అంచులా ఒత్తుతుంటే పాదాలను ఇంకాస్త పక్కకు జరపండి. అయినా ఒత్తుతుంటే హ్యామక్ పొట్టిదన్న మాట. మార్కెట్లో చవకగా దొరికేవి చాలావరకు 9 అడుగుల లోపే ఉంటాయి. అవి మధ్యాహ్నం కునుకుకు సరిపోతాయి, రాత్రి నిద్రకు 10 లేదా 11 అడుగులది కావాలి. భుజాలు నొక్కుకుపోతుంటే ఇంకా వదులు చేయండి. దిండు పెద్దది వద్దు. ఉయ్యాలే తలను కొంత ఎత్తుతుంది కాబట్టి మెడ కింద చిన్న చుట్ట చాలు.

మా బావమరిది పక్కకు తిరిగి తప్ప పడుకోలేడు. ఐమూలగా పడుకున్నాక మోకాళ్లు ముడుచుకుని, వాటి మధ్య చిన్న దిండు పెట్టుకుంటే అతనికి సోమశిలలో తెల్లారేదాకా మెలకువ రాలేదు. బోర్లా పడుకునే అలవాటున్నవాళ్లకు మాత్రం రెండు చివర్లా కుచ్చుగా ముడుచుకునే ఈ రకం పనికిరాదు. వాళ్లు హ్యామక్ కొనకపోవడమే మేలని నా సలహా.

సోమశిల నాగర్‌కర్నూల్ జిల్లాలో, కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉంది. ఇక్కడి నీళ్లు శ్రీశైలం జలాశయానివి, నిండు మట్టం 885 అడుగులు. ఆ జలాశయం వచ్చినప్పుడు సోమేశ్వరాలయాన్ని మునగకుండా పైకి తరలించి తిరిగి కట్టారు. టూరిజం వాళ్ల కాటేజీలు నదికి ఎదురుగా ఉన్నాయి. పెద్దవాళ్లు, పసిపిల్లలు వెంట ఉంటే వేరే ఆలోచన లేకుండా వాటిలోనే దిగండి. మేం మాత్రం కొల్లాపూర్ దారిలో ఒక మామిడి రైతును అడిగి ఆయన తోటలో ఉన్నాం. మామిడి తోట అనగానే హ్యామక్‌కు స్వర్గం అనిపిస్తుంది గానీ కొలత చూసుకోవాలి. పాత తోటల్లో చెట్టుకూ చెట్టుకూ 10 మీటర్ల ఎడం ఉంటుంది, అంటే 33 అడుగులు. పట్టీలు అందవు. కొత్తగా దగ్గరగా వేసిన తోటల్లో 5 మీటర్లే ఉన్నా మొద్దులు ఇంకా సన్నం. ఆ పెద్దాయన మాకు పొలం గట్టు మీద చింతచెట్టు, దానికి ఎదురుగా ముదురు వేపచెట్టు చూపించాడు. "మామిడికి కట్టకుండ్రి సారు, పూత రాలుతది. గీ చింతకైతే ఏనుగును కట్టినా ఏం గాదు" అన్నాడు. పూత కాలంలో మామిడి కింద పడుకోకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. అప్పుడు తేనెమంచు పురుగు పడుతుంది. జిగురు జిగురుగా కిందికి రాలి గుడ్డంతా అంటుకుంటుంది. దానికి మందు కొట్టి ఉంటే ఆ చెట్ల కింద రాత్రంతా పీల్చడం మంచిది కాదు. మందు ఎప్పుడు కొట్టారో అడగడానికి మొహమాటపడకండి.

నల్లగొండ బత్తాయి తోటలైతే అసలు ఆశ పెట్టుకోవద్దు. మొద్దు పొట్టి, కొమ్మలు కిందికే, పైగా ముళ్లు. తాటిచెట్లు బరువుకు బాగా ఆగుతాయి గానీ ఎండుమట్టలు, పండిన కాయలు మీద పడే ప్రమాదం ఉంది. కల్లు గీసే చెట్టయితే గౌడన్నను అడగకుండా ముట్టుకోకూడదు.

సోమశిలలో అసలు పరీక్ష చలి. హ్యామక్‌లో చలి పైనుంచి కాదు, కిందనుంచి వస్తుంది. నేల మీద పడుకుంటే వీపు కింద గాలి ఆడదు, ఉయ్యాలకు కింద కూడా గాలే. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందమైనా ఒంటి బరువుకు వీపు కింద అణిగిపోయి వెచ్చదనం ఇవ్వదు. దీనికోసం హ్యామక్ బయట, అడుగున వేలాడదీసే ప్రత్యేకమైన రజాయిలు అమ్ముతారు. అవి ఖరీదు. మేం గొంగడి వాడాం. దక్కనీ గొర్రె ఉన్నితో మన కురుమలు నేసే ముతక గొంగడి అంత తేలిగ్గా అణగదు, మంచు తేమ పట్టినా వెచ్చగానే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, యోగా మ్యాట్‌లా రాత్రంతా జారిపోదు. ఐమూలగానే పరిచి దాని మీద పడుకోవాలి. పలచని నైలాన్ గుడ్డలోంచి కిందనుంచి కుట్టే దోమలు కూడా దీన్ని దాటి రాలేవు. ఇంట్లో పాత గొంగడి ఉంటే పారేయకండి. అమ్మమ్మలు, తాతలు దాచిన ఆ గొంగడికి సాటి వచ్చే సామాను నేను ఏ క్యాంపింగ్ దుకాణంలోనూ చూడలేదు.

గాలి నీటి మీదనుంచి వీస్తుంటే ఉయ్యాల పక్కభాగానికి తగలకుండా, తలా కాళ్లూ గాలి దిక్కులో వచ్చేలా కట్టుకోవాలి. పడుకునే ముందు పట్టీ చుట్టిన చోట చీమల బారు ఉందేమో టార్చ్ వేసి చూడాలి. తాడు, నైలాన్ దారం చెట్టుకు నేరుగా కట్టొద్దు, బెరడులోకి దిగుతుంది. కనీసం అంగుళం, వీలైతే 2 అంగుళాల వెడల్పు పట్టీ వాడాలి. దారిలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూసేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. దాదాపు 3 ఎకరాల్లో పరుచుకున్న ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగిపడితే, 2018లో సెలైన్ సీసాల్లో మందు నింపి చుక్క చుక్కగా ఎక్కించి బతికించుకున్నారు. అలాంటి ముసలి చెట్టు ఏదైనా, ఎవరూ వద్దనకపోయినా, దానికి పట్టీ కట్టకూడదు.

మన్ననూరు గురించి క్లుప్తంగా చెబుతాను. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం గడప. అక్కడ రాత్రి అడవిలో హ్యామక్ కట్టాలన్న ఆలోచనే రానివ్వొద్దు. అనుమతి లేదు, ఎలుగులు, చిరుతలు తిరిగే చోటు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలనే వదలరు. అటవీ శాఖ కాటేజీల్లో దిగి, ఫరహాబాద్ వైపు సఫారీకి వెళ్లాం. వెంట వచ్చిన చెంచు గైడ్ అడవి గురించి చెప్పిన మాటల కోసమైనా మళ్లీ వెళ్తాను. గది శుభ్రంగా ఉంది, భోజనం సాదా. హ్యామక్ సంచిలోంచి తీయలేదు.

మూడింట్లో పడుకోవడానికి నా ఓటు సోమశిలకు, తినడానికి వైజాగ్ కాలనీకి. వచ్చే నవంబర్‌లో, పూతకు ముందే, ఆ గట్టు దగ్గరికే మళ్లీ వెళ్దామనుకుంటున్నాం. వర్షం పడినా ఇబ్బంది లేకుండా ఈసారి పైకప్పుగా టార్పాలిన్ కూడా తీసుకెళ్తున్నాం. పట్టీ మీద జారే నీళ్లు గుడ్డలోకి రాకుండా, హ్యామక్ మొదలయ్యే చోటికి ముందే పట్టీకి ఒక నూలు పేలిక కట్టి కిందికి వేలాడదీస్తే నీళ్లు దాని వెంట నేలకు దిగిపోతాయి.