నిసిన్, కొలిస్టిన్: ఏ నిర్మాణం మేలు?

రెండూ బ్యాక్టీరియా తయారు చేసుకునే పెప్టైడ్లే (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు), తోటి బ్యాక్టీరియాను చంపేవే. నిసిన్ ప్రాసెస్డ్ చీజ్ చెడిపోకుండా 234 నంబరు ప్రిజర్వేటివ్‌గా వంటింటికి వస్తోంది. కొలిస్టిన్ హైదరాబాద్ ఐసీయూల్లో మిగతా మందులు చేతులెత్తేశాక ఎక్కించే ఇంజెక్షన్. తార్నాక, హబ్సిగూడ వైపు మైక్రోబయాలజీ చదివే పిల్లలు ప్రాజెక్టుకు ఈ రెండింటిలో ఏది తీసుకోవాలని అడిగితే నేను నిసిన్ అనే చెబుతాను. కారణం దాని నిర్మాణమే.

నిసిన్‌లో 34 అమైనో ఆమ్లాలు. లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియా దీన్ని మామూలు ప్రొటీన్ లాగే, కణంలో ప్రొటీన్లను కూర్చే రైబోజోమ్ మీద అల్లుతుంది. ఆ తర్వాత ఎంజైములు కొన్ని సెరీన్, థ్రియోనీన్ల నుంచి నీటి అణువును తీసేస్తాయి. అక్కడికి సిస్టీన్‌లోని గంధకం వచ్చి అతుక్కుంటుంది. అలా ఐదు వలయాలు ఏర్పడతాయి. మొదటి రెండు వలయాలు కణకవచానికి ముడిసరుకైన లిపిడ్-2 మీది పైరోఫాస్ఫేట్‌ను గుప్పిట్లో పట్టినట్టు పట్టుకుంటాయని 2004లో తేలింది. మిగిలిన భాగం కవచం లోపలి కణపొరలోకి దిగి రంధ్రం చేస్తుంది. గోడ కట్టడమూ ఆగుతుంది, పొరా చిల్లులు పడుతుంది. వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ పట్టుకునేది అదే లిపిడ్-2లోని పెప్టైడ్ కొసను. ఆ కొసను మార్చుకుని బ్యాక్టీరియా తప్పించుకోగలదు. పైరోఫాస్ఫేట్‌ను మార్చుకోవడం అంత తేలిక కాదు. నాకు నిసిన్ మీద ఇంత గురి కుదరడానికి ఇదే ముఖ్య కారణం.

కొలిస్టిన్ చిన్నది, పది అమైనో ఆమ్లాలే. ఏడింటితో వలయం, మూడింటితో తోక, తోక చివర కొవ్వు ఆమ్లం. పదింటిలో ఆరు, ప్రొటీన్లలో కనిపించని డైఅమైనోబ్యుటిరిక్ ఆమ్లాలు. వాటి ధనావేశం, కణకవచం మీద మరో బయటి పొర ఉండే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాలో, ఆ పొరలోని లిపిడ్-ఎ అనే కొవ్వు అణువు ఫాస్ఫేట్లకు అంటుకుని, అక్కడి కాల్షియం, మెగ్నీషియంలను తోసేస్తుంది. కొవ్వు తోక లోపలికి చొచ్చుకుపోతుంది. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా సోకిన రోగికి నిసిన్ ఎందుకూ కొరగాదు. ఆ బయటి పొరను అది దాటలేదు, రక్తంలో ఎక్కువసేపు నిలవదు కూడా. అక్కడ కొలిస్టినే దిక్కు, మూత్రపిండాలకు హాని చేస్తుందని తెలిసినా సరే.

అయితే లిపిడ్-ఎకు ఫాస్ఫోఇథనోలమైన్ అనే చిన్న రసాయన గుంపు ఒక్కటి తగిలిస్తే చాలు, కొలిస్టిన్ పట్టు జారిపోతుంది. ఆ పని చేసే ఎంసీఆర్-1 జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరో దానికి ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద దాటగలదని 2015లో చైనా నుంచి వార్త వచ్చింది. కోళ్లకు, పశువులకు ఇచ్చే కొలిస్టిన్‌ను మన దేశం 2019లో నిషేధించింది. ఎంతో అవసరమైన నిర్ణయం, ఇంకా ముందే జరగాల్సింది. కోళ్ల ఫారాలు ఇన్ని ఉన్న మన నగర శివార్లలో ఈ నిషేధం పక్కాగా అమలు కావాలి.

ప్రయోగశాలలోనూ తేడా కళ్లకు కడుతుంది. నిసిన్‌లో తడిపిన కాగితం బిళ్ల పెట్టిన అగార్ ప్లేటు మీద, బయటి పొర లేని గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా బిళ్ల చుట్టూ చెరిగిపోతుంది, గ్రామ్ నెగటివ్ అయిన ఇ.కోలై మాత్రం చెక్కుచెదరదు. బయటి పొరలోని కాల్షియం, మెగ్నీషియంలను లాగేసే ఈడీటీఏ కలిపితే అదీ లొంగుతుంది. కొలిస్టిన్ అగార్‌లో సరిగా పాకదు కాబట్టి బిళ్ల పరీక్షను నమ్మకూడదు, ద్రవ మాధ్యమంలో పలుచన చేస్తూ చూడాలి. పైగా నిసిన్ నేరుగా జన్యువు నుంచి వస్తుంది. 27వ స్థానంలో హిస్టిడీన్ బదులు ఆస్పరజీన్ పెడితే నిసిన్-జెడ్ అనే మరో రూపం. కొలిస్టిన్‌ను రైబోజోమ్ లేకుండా భారీ ఎంజైములు కూరుస్తాయి. అందులో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చాలంటే ఆ ఎంజైమునే మార్చాలి, ఎమ్మెస్సీ ప్రాజెక్టు గడువులో అది తెమిలే పని కాదు.